ట్యాంకు మీద గురెళ్ల పొడి

ఆ పొద్దున పంపన్న పెట్టుకున్న పని ఒక్కటే. భార్య ఎల్లక్క గురెళ్ల పొడి, అంటే వలిసెల పొడి, దంచుతుంటే ఫోన్లో వీడియో తీసి, పన్నెండు గంటలలోగా యూట్యూబులో ఎక్కించాలి. తెక్కలకోటలో ఉండే ఎల్లక్క చెల్లెలు సౌభాగ్య, తన సంఘం ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ వీడియో చూపిస్తానంది. వాళ్లకు నచ్చితే జాతరలో పెట్టే అంగడికి పొడి ఎల్లక్కే పంపాలి. నచ్చకపోతే ఇంకో ఊరామె కాచుకుని ఉంది. ఇన్నేళ్లూ ఆ పొడిని చుట్టపక్కాలకు ఊరికే పంచిపెట్టిన ఎల్లక్కకు, బయటివాళ్లు బేరానికి రావడం ఇదే మొదటిసారి.

ఫోన్ల సంగతి పంపన్నకు బాగా తెలుసు. అంటే, తెలుసని ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు. ఒకసారి భీమప్ప ఫోన్లో గడియారం సరిచేసిన ధైర్యం అది. మొన్న ఎల్లక్క పట్టుచీర కట్టుకుని గంటసేపు దంచాక చూస్తే, పంపన్న ఎర్ర బొత్తాం నొక్కనే లేదు.

"ఈసారి గూడా చెడగొడితివా, ఇంటి మొగం చూడొద్దు" అంది ఎల్లక్క. రోకలి ఆమె చేతిలోనే ఉంది.

"బొత్తాం సంగతి నాకిడిసిపెట్టు."

"బొత్తాం తప్ప నీకింగేం పని ఉండాదయ్యా ఈడ?"

వాకిట్లో ఎండ కళ్లలోకి కొడుతోంది. పంపన్న బొత్తాం రెండుసార్లు చూసుకుని మరీ నొక్కాడు. తెర మీద ఏమీ సరిగ్గా కనబడలేదు గానీ, ఏదో నల్లగా పైకీ కిందికీ ఆడుతోంది. రోకలే అనుకున్నాడు. "ఇప్పుడు ఎండుమిరపకాయలు ఏస్తాండాది... ఇప్పుడు తెల్లగడ్డలు" అంటూ మధ్యమధ్యలో తన వ్యాఖ్యానం కూడా చేర్చాడు. చివర్లో ఎల్లక్క జొన్నరొట్టె ముక్కకు పొడీ నెయ్యీ అద్ది ఆయన నోట్లో పెట్టింది. ఆ రుచికి పంపన్న కళ్లు మూసుకున్నాడు, కంట నీళ్లు తిరిగాయి, వీడియో ఆపడం మర్చిపోయాడు. మొత్తం పదకొండు నిమిషాలు వచ్చింది.

ఇక ఎక్కించడమే మిగిలింది. కప్పగల్లు అవతల ఉన్న ఆ పల్లెలో సిగ్నల్ మొహమాటస్తుడైన చుట్టంలాంటిది. వస్తుంది, కూర్చోదు. పంపన్న మిద్దె ఎక్కాడు, దిబ్బ ఎక్కాడు, ఎద్దుల బండి ఎక్కాడు. చివరికి ఊరి బయటి నీళ్ల ట్యాంకు కనిపించింది. ఇనుప నిచ్చెన పట్టుకుని, తన వయసును తానే తిట్టుకుంటూ పైదాకా ఎక్కేసరికి, ఫోన్లో గీతలు నిండుగా లేచాయి. పంపన్న ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఎండకు తాళలేక భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. ఎవరిదో గృహప్రవేశంలో పెట్టిన ఆకుపచ్చ తువ్వాలు అది.

ఆ సీమలో ఆకుపచ్చ తువ్వాలంటే రైతుల పోరాటం. దాన్ని తలకు చుట్టి ట్యాంకెక్కినవాడు ఎందుకెక్కాడో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ సంగతి ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు, ఒక్క పంపన్నకు మాత్రం ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

"ఏంది పంపన్నా, ఆడికెందుకెక్కినావప్పా?" గొర్రెలు తోలుకుపోతున్న భీమప్ప కిందనుంచి అరిచాడు.

ఫోన్ ఇరవై పర్సెంటు చూపిస్తోంది. పంపన్న కదిలితే సిగ్నల్ పోతుందని భయపడ్డాడు. "పని కాల్యా! అయ్యేదాకా దిగను!" అని అరిచాడు.

భీమప్ప గొర్రెలను వదిలేసి ఊళ్లోకి పరిగెత్తాడు. కాసేపట్లో ట్యాంకు కింద ఊరు ఊరంతా ఉంది. ఎనిమిది రోజులకోసారి లారీలో నీళ్లొస్తున్న ఊరది. "అడిగే మగాడు ఒకడన్నా పుట్టినాడు" అని ముసలి దురుగమ్మ పైకి చూసి దండం పెట్టింది.

అంతలో ఎల్లక్క వచ్చింది, పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుని. "నా మాటకేనా సామీ ఎక్కింది? ఈడియో పోతే పోనీ, పొడి పోతే పోనీ! నువ్వు దిగిరాయ్యా!"

ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆమె తనకోసం ఏడవడం పంపన్న ఎన్నడూ చూడలేదు. మనసుకు హాయిగా అనిపించింది, ఆ వెంటనే సిగ్గేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పుడే పంచాయతీ అధికారి నేత్రావతి జీపు వచ్చి ఆగింది, జనం "పంపన్నకు జై" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక తనకు జై కొట్టినవాళ్లు లేరు. ఇంతమంది ముందు చట్నీ పొడి పేరెత్తడానికి పంపన్నకు మనసొప్పలేదు.

"నీ డిమాండ్ ఏనప్పా?" అంది నేత్రావతి తన కన్నడం కలిపి, పైకి చూస్తూ.

డెబ్బై పర్సెంటు. పంపన్న దిక్కుతోచక పక్కనున్న మూతలోంచి ట్యాంకులోకి తొంగిచూశాడు. అడుగున పావురం గూడు పెట్టుకుని ఉంది.

"దీంట్లో నీళ్లు గావల్ల!"

"ఆయ్తప్పా. నెలలో పోయిస్తాం. దిగు."

ఎనభై. "నెల కుదరదు మేడమ్!"

"పదైదు దినాలు."

ఎనభై ఎనిమిది. "ఊహూఁ!"

"ఎనిమిది!"

తొంభై ఆరు దగ్గర ఫోన్ ఆగిపోయింది. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి ఆకాశానికెత్తి పట్టుకున్నాడు. కిందివాళ్లకది పిడికిలెత్తినట్టు కనబడింది. జేజేలు మిన్నంటాయి.

"నాలుగు దినాలు! రాసిస్తా, సంతకం పెడతా!" నేత్రావతి కాగితం తీసింది.

నూరు. "అయిపాయ! దిగతాండా!"

పంపన్నను భుజాల మీద ఊరేగించారు. ఎల్లక్క కళ్లు తుడుచుకుని రెండు చేతులతో దిష్టి తీసింది. పన్నెండు దాటాక సౌభాగ్య ఫోన్ చేసింది. ఒకటే నవ్వు.

"బావా, పదకొండు నిమిషాలూ నీ మొగమే! అక్కా ల్యా, రోలూ ల్యా, పొడీ ల్యా!"

పంపన్న నీడలో కూర్చుని వీడియో చూశాడు. ముక్కు రంధ్రాలు, దవడ, నోరు. రోకలనుకున్నది తన మీసం. కెమెరా తన వైపే తిరిగి ఉంది. బొత్తాం మాత్రం సరిగ్గానే నొక్కాడు. భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఆగు బావా" అంది సౌభాగ్య. "కడాకు రొట్టె తిని కండ్లు మూసుకుంటివే, అది చూసి మావోళ్లంతా, ఈ మొగం అబద్ధమాడదు, పొడి ఎల్లక్కదే కావల్ల అన్నారు. అక్క దంచేది మటుకు చూపించల్లంట. సాయంత్రానికి ఇంకో ఈడియో పెట్టు."

ఎల్లక్క ఇంక తిట్టలేదు. మళ్లీ రోలు కడిగింది. ఈసారి ఫోన్ ఎటు తిరిగిందో తానే దగ్గరుండి చూసింది. నాలుగు గంటలకు పంపన్న తువ్వాలు ఇంట్లోనే పెట్టి, కొత్త వీడియోతో ట్యాంకు దగ్గరికి వెళ్లాడు.

అక్కడ నిచ్చెన లేదు. ఇంకెవరూ ఎక్కకుండా పంచాయతీవాళ్లు మధ్యాహ్నమే వచ్చి మొదలుకంటా కోసుకుపోయారని భీమప్ప చెప్పాడు.

నీళ్లకు నాలుగు దినాలడిగిన ఆఫీసుకు, నిచ్చెనకు నాలుగు గంటలు కూడా పట్టలేదు.