పోలమ్మ కడుపులో తగాదా

ఆ పొద్దున పోలమ్మ నమిలి మింగిన తిప్పతీగ, ఆసుపత్రి వాళ్లిచ్చిన యాంటీబయాటిక్ మాత్రను ఆమె కడుపులో అడ్డగించి, ఎవరినడిగి వచ్చావని గట్టిగా నిలదీసింది. వరండాలో ఉన్నవాళ్లందరికీ ఆ కేక వినపడినా ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇలాంటి తగాదాలకు ఆసుపత్రిలో కడుపు వివాదాల విభాగం ఉంది. పోలమ్మను అక్కడికి పంపారు.

పోలమ్మది చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే బతుకు. జెల్ల చేప ముల్లు దిగి పాదం వాచింది. మాత్ర రాసిన డాక్టరు ఏం నములుతావని అడగలేదు. తిడతాడేమోనని ఆమె చెప్పలేదు.

విచారణాధికారి వరహాలరావు ఆమె పొట్ట దగ్గర మైకు పెట్టాడు.

"ఈయమ్మకి పళ్లొచ్చిన కాడ్నించి నానిక్కడున్నాను. నిన్నగాక మొన్నొచ్చినోడికి దారివ్వాలేటి?" అంది తిప్పతీగ.

"నన్ను డాక్టరుగారు పంపారు. నేను రక్తంలోకి వెళ్లాలి. ఆలస్యమైతే బాధ్యత నాది కాదు," అంది మాత్ర.

రెండూ సబబుగానే ఉన్నాయని అధికారి వాయిదా వేశాడు.

పోలమ్మకు కూర్చుంటే సలుపు, నిలబడితే మంట. "బాబూ, తీగ మానీమంటారా, మాత్ర మానీమంటారా? ఏదోటి సెప్పండి!"

"నువ్వు కక్షిదారువి కావమ్మా. స్థలం మాత్రమే నీది. మధ్యలో మాట్లాడకూడదు."

వాయిదా మీద వాయిదా పడింది. వాపు మడమ దాటి పిక్క ఎక్కింది. పోలమ్మ వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ కుంటుతూ తిరిగింది. లోపల అరుపులు ఆగలేదు. తీగో మాత్రో, ఏదో ఒకటి గెలిస్తే బాగుండునని మొక్కుకుంది.

చివరి విచారణకు పాదంలోని క్రిములు పిలవకుండానే వచ్చాయి. వినయంగా, ఒకే గొంతుతో మాట్లాడాయి. తగాదా పడుతున్నవాళ్లెవరూ ఇంతవరకు పాదం దగ్గరకే రాలేదనీ, అక్కడ కాపురముంటున్నది తామేననీ మనవి చేసుకున్నాయి. అధికారికి ఇందులో తప్పు కనబడలేదు. మోకాలి దాకా వాటి పేరున రాసేశాడు.

"మరి మోకాలు పైన?" అంది పోలమ్మ.

"అది నీదేనమ్మా. ప్రస్తుతానికి."

పోలమ్మ ఊపిరి పీల్చుకుంది. బయట బల్ల మీద కూర్చున్నామె జరిగి చోటిచ్చి, తీర్పేమిటని అడిగింది. పోలమ్మ చెప్పింది.

"అదృష్టవంతురాలివే అప్పా," అందామె. "మా అత్తకి నడుం కాడికి పోనాది."