లారీ ఎక్కని పరుపు

ఆ పొద్దున వార్డెన్ అనుకున్న పని చిన్నదే. హాస్టల్లోని పాత పరుపులన్నీ గేటు దగ్గరికి చేర్చాలి, లారీ రాగానే ఎక్కించాలి. దూది గడ్డకట్టిన పరుపులు, స్పాంజి రాలిపోయే పరుపులు. పాతసామాన్లవాడు కూడా వాటికి దండం పెట్టి వెళ్లిపోయాడు. అలాంటివి విప్పి, దేనికది పనికొచ్చేలా చేసే ఫ్యాక్టరీ ఎక్కడో ఒకటుంది. దాని లారీ ఏడాదికి ఒక్కసారే వస్తుంది.

కొత్త పరుపులు ఎప్పుడో వచ్చి ప్రిన్సిపాల్ గదిలో కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఆ సంగతి పిల్లలకు తెలియదు. తెలిస్తే పాతది దాచి, రెండేసి వేసుకుని పడుకుంటారని వార్డెన్ భయం.

"లారీ ఎక్కిన పరుపుకే కొత్త పరుపండీ. నాకైనా అంతే" అని ప్రిన్సిపాల్ దగ్గర గట్టిగా మాట తీసుకున్నాడు. పిల్లలకేమో ఎండబెట్టడానికని చెప్పాడు. నిజానికి కొత్త పరుపు అవసరం అందరికంటే ఆయనకే. పాతదాని స్ప్రింగు ఆయన నడుముతో కాపురం పెట్టి చాలా కాలమైంది.

అందరివీ మోయించి, తనది తానే మోసుకొచ్చాడు. గేటు దగ్గర దింపుతుంటే నడుం పట్టేసింది. దానిమీదే కూలబడి వెల్లకిలా పడుకున్నాడు. హాస్టల్ వంటాయన ఆయనకు బావమరిది. పక్కన చతికిలబడ్డాడు.

"బావా, పొయ్యి వెలిగించలేదు. వెళ్లనా?"

"కూర్చోవయ్యా. లారీ వస్తే ఎక్కించేదెవరు?"

లారీ రాలేదు. ఎండ వచ్చింది. 'మైకు' అని పేరుపడ్డ పెద్దగొంతు విద్యార్థి వచ్చి ఈ దృశ్యం చూశాడు.

"ఒరేయ్! మన పరుపుల కోసం వార్డెన్ సార్ నిరాహార దీక్షకు దిగార్రా!"

"ఆయనా? మనకోసమా? నీకేమైనా పిచ్చా?"

"వంటాయన కూడా కూర్చున్నాడు చూడు. అనుమానముంటే వాసన చూసుకో, వంటింట్లోంచి ఏమైనా వస్తోందా?"

అందరూ ముక్కులెగబీల్చారు. ఏమీ రాలేదు. ఇంకేం, తరగతులు ఖాళీ అయ్యాయి. "కొత్త పరుపులు కావాలి!" అని అరుపులు మొదలయ్యాయి.

సరిగ్గా అప్పుడొచ్చింది లారీ.

"ఉన్నవి కూడా ఎత్తుకుపోతార్రా!" అన్నాడు మైకు. అందరూ లారీకి అడ్డంగా పడుకున్నారు.

"రానివ్వండ్రా! నేనే పిలిచాను!" అని వార్డెన్ కేక వేశాడు. లేవబోతే నడుం లేవనివ్వలేదు.

"పాపం, ఆకలికి ఏదేదో మాట్లాడుతున్నారు సార్" అని ఒకడు నోటుపుస్తకంతో గాలి విసిరాడు.

డ్రైవరు "మీకూ దండం, మీ పరుపులకూ దండం" అని బండి వెనక్కి తిప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంతలో ప్రిన్సిపాల్ ఒంటి చెప్పుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏం కావాలయ్యా మీకు?"

"కొత్త పరుపులు సార్!"

"అవి వచ్చి నా గదిలో కూర్చున్నాయి కదయ్యా! నాకే కుర్చీ వేసుకోను చోటు లేదు. పాతవి ఆ లారీ ఎక్కితే ఇద్దామని..."

చప్పట్లు ఆగిపోయాయి.

మరుక్షణం తలకో పరుపు లేచింది. వంటాయన కూడా ఒకటి ఎత్తుకున్నాడు. అద్దంలో డ్రైవరుకు పరుపుల దండు కనిపించింది. వేగం పెంచాడు. మైకేమో గొంతు పెంచాడు. నాలుగురోడ్ల కూడలిలో ఎర్రదీపం పడితే గాని లారీ దొరకలేదు.

సాయంత్రం హాస్టలంతా కొత్త పరుపుల మీద గెంతుతోంది. తమకోసం తిండి మానేసిన వార్డెన్‌ని పిల్లలు పరుపుతో సహా ఎత్తి, ఊరేగించి, గదిలో దించారు.

"మరి నాదండీ?" అన్నాడు వార్డెన్ నీరసంగా.

"మీది లారీ ఎక్కలేదు కదండీ" అన్నాడు ప్రిన్సిపాల్. "మాటంటే మాటే. మీకైనా అంతే అన్నారు."

"వచ్చే ఏడు నిన్నే ముందు ఎక్కిస్తాలే బావా" అన్నాడు వంటాయన.

వార్డెన్ అటు తిరిగి పడుకున్నాడు. స్ప్రింగు కూడా అటే తిరిగింది.