జానీబీ కొత్తింటి పొగ

పెన్నకు పెద్ద నీళ్ళొచ్చిన ఏడు జానీబీ మట్టిమిద్దె కూలిపోయింది. అప్పటినుంచి ఆమె, మొగుడు దస్తగిరి తమ దూదిమూటలతో సహా పొరుగింటి అలివేలమ్మ పశువుల కొట్టంలో ఒక మూలకు సర్దుకున్నారు. పరుపులు కుట్టేవాళ్ళకే నేలమీద పడక. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో, జమ్మలమడుగు అవతలి ఆ ఊరికి సర్కారు ఒక మాదిరి ఇల్లు కట్టించి, అది జానీబీకేనని చెప్పింది. సున్నపు గోడలు, పెంకుల కప్పు, పొగరాని పొయ్యి. మధ్యాహ్నం ఆఫీసరు వచ్చి రిబ్బను కత్తిరిస్తే ఇల్లు చేతికొస్తుంది.

తెల్లవారుతూనే జానీబీ ఒక నిర్ణయానికొచ్చింది. రిబ్బను సర్కారు వ్యవహారం. కొత్తింట్లో బెల్లమన్నం వండి, దాని ముందు దువా చేసి ఫాతెహా చదివించుకోవడం తన వ్యవహారం. తనది ముందు కావాలి.

గ్రామసేవక్ ఆదినారాయణకు ఆ అనుమానం ఉండనే ఉంది. "యమ్మా, సారొచ్చేదాకా లోపల కాలు పెట్టొద్దు. నా కొలువుకు ముప్పు తేవొద్దు."

"నేనెందుకు పోతా నాయనా?" అంది జానీబీ. అతను జీపు కోసం రోడ్డు మీదికి పోగానే పెరటి తలుపు తీసింది.

సున్నం కొట్టినవాళ్ళు పొగగొట్టం మూతికి గోనెపట్టా కట్టారు. విప్పడం మరిచారు. అది ఆమెకెలా తెలుస్తుంది? పొగరాని పొయ్యి పొగ కక్కుతుంటే, కొత్తది కదా, సర్దుకుంటుందిలే అని మరో నాలుగు పుల్లలు ఎగదోసింది. కాసేపటికి కిటికీల్లోంచి, పెంకుల సందుల్లోంచి పొగ తన్నుకొచ్చింది.

వీధిలో పోతున్న అలివేలమ్మ గుండె బాదుకుంది. "కొత్తిల్లు కాలిపోతాంది! రాండప్పా, రాండి!"

ఊరు ఊరంతా కదిలింది. ఆడవాళ్ళు కడవలతో నీళ్ళు తెచ్చారు. మగవాళ్ళు పారలతో మట్టి తవ్వి, గంపలకెత్తి కిటికీల్లోంచి లోపలికి చల్లారు. పెండ్లాము లోపలే ఉందని విని దస్తగిరి కప్పెక్కి, పెంకులు పెరికి విసరడం మొదలుపెట్టాడు.

జానీబీ దగ్గుతూ వాకిట్లోకొచ్చింది. "కాలడంల్యా! ఉడుకుతాంది!"

"లోపల శానా ఉడుకుగా ఉందంట! ఇంకా తేండి నీళ్ళు!" అన్నారెవరో.

నీళ్ళకు పొయ్యి ఆరి పొగ పలచబడింది. సరిగ్గా అప్పుడే ఆదినారాయణను ఎక్కించుకుని జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు కృష్ణా జిల్లా మనిషి. పారలు, గంపలు, కడవలు, కప్పు మీద పనిచేస్తున్న మనిషి. చూసేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"శ్రమదానం! నేను వస్తున్నానని ఊరంతా కలిసి శ్రమదానం! ఏమయ్యా ఆదినారాయణా, ఒక్క మాటైనా చెప్పలేదే!"

ఆదినారాయణ అవుననీ కాదనీ అర్థమయ్యేలా తలాడించాడు. ఆఫీసరు బూట్లు విప్పి, తనూ ఒక మట్టిగంప నెత్తికెత్తుకుని అక్కడికక్కడే ఉపన్యాసం అందుకున్నాడు. "ఇంత ఐకమత్యమున్న ఊరికి సమాజ మందిరం లేకపోవడం అన్యాయమండీ. ఈ ఇల్లు ఊరందరిదీ కావాలి. ఆ ఒక్క కుటుంబానికి పై ఏడు చూద్దాం."

చప్పట్లు మోగాయి. అలివేలమ్మ కూడా కొట్టి, జానీబీ ముఖం చూసి చేతులు దించుకుంది.

జానీబీకి కొట్టంలోని ఆ మూల గుర్తొచ్చింది. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"సామీ, ఇది శ్రమదానం కాదు. మీరు రాకముందే నేను లోపలికి పోయి పొయ్యి ముట్టించినా. పొగ చూసి, నా ఇల్లు కాలుతాందని వీళ్ళంతా పరిగెత్తుకొచ్చినారు. నా కోసం వచ్చినారు సామీ. మందిరం కోసమంటే ఇంతమంది వస్తారా? మీరే అడగండి."

ఆఫీసరు గంపతోనే జనం వైపు తిరిగాడు. మగవాళ్ళు పారలు వీపుల వెనక్కి దాచుకున్నారు. కప్పు మీదినుంచి దస్తగిరి మాత్రం, "నా పెండ్లాము లోపలుందని ఎక్కితి సామీ," అన్నాడు.

ఆయన గంప దించాడు. చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"పొయ్యి మీద ఏముందమ్మా?"

"బెల్లమన్నం సామీ. ఫాతెహాకని పెట్టినా. అడుగంటింది."

"ముందు మీ ఫాతెహా కానివ్వండి. తర్వాత నాకూ కాస్త పెట్టండి," అంటూ తడిసిన అరుగు మీద కూర్చుని, తాళంచెవి ఆమె చేతికిచ్చాడు. అప్పటికి రిబ్బను బురదలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మరునాడు పెంకులు తిరిగి కప్పడానికి ఆదినారాయణ నిజంగానే శ్రమదానమని దండోరా వేయించాడు. ఆ రోజు ఊళ్ళో అందరికీ చేలల్లో తెగని పని పడింది.