మేనేజరు గారి చెరువు

ఆ రోజు వానమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: మేనేజరు గారి చెరువును అందరి ముందూ పొంగించడం. సరంజామా అంతా ఆఫీసులో సిద్ధంగా ఉంది, వాన తప్ప. ఆ వానను అత్తగారి మొక్కల దగ్గర్నుంచి ఎత్తుకుపోతూ గుమ్మంలో దొరికిపోయింది.

“నీళ్ళ క్యాను ఆఫీసుకెందుకే?”

“ఇవాళ గెలిచి రావాలి అత్తయ్యా. ఓడిపోతే రేపట్నుంచి స్టేషనరీ గదిలో పెన్సిళ్ళు పంచుకోవాలి.”

“మరి ఈ చిల్లుల మూత కూడా పట్టుకుపో. ధార సమంగా పడుతుంది,” అంది అత్తగారు. తగువేమిటో ఆవిడకు తెలియదు. కోడలు పోట్లాటకు వెళుతోందని మాత్రం అర్థమైంది, అంతే చాలనుకుంది.

వానమ్మ అనేది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. గని మీద పడ్డ వాన ఎటు పారుతుందో, ఎంత మట్టిని ఈడ్చుకుపోతుందో కంప్యూటర్లో లెక్కగట్టి, కాలువలూ చెరువూ ఎంతుండాలో చెప్పే ఇంజనీరు ఆవిడ. గని కింద వాగు ఉంది. ఆ వాగు నీళ్ళే ఊరి కుళాయిల్లోకి వెళతాయి. మట్టి దిబ్బల మీంచి దిగే ఎర్రనీళ్ళు ముందొక చెరువులో ఆగి, బురద అడుగుకి దిగి, తేటపడ్డాకే వాగులో కలవాలి. వానమ్మ లెక్క ప్రకారం ఆ చెరువు బాగా పెద్దదై ఉండాలి. అంత పెద్దదైతే మేనేజరు గారు కట్టించదలచిన అతిథి గృహం, దాని ముందు పచ్చిక, పచ్చికలో ఉయ్యాల నీళ్ళపాలవుతాయి. గొడవంతా అక్కడే వచ్చింది.

“ఒక్క అంకె మార్చమ్మా. వానని కాస్త తగ్గించు,” అన్నాడాయన నిన్న.

“కంప్యూటర్లో తగ్గిస్తాను సార్. ఆకాశంలో ఎవరు తగ్గిస్తారు?”

“అంత వాన ఎప్పుడైనా పడిందా?”

“పడ్డాక కడదామంటారా?”

మేనేజరు గారికి చిర్రెత్తుకొచ్చింది. “నీ గీతలు నేను నమ్మను. రేపు ఛైర్మన్ గారొస్తున్నారు. ఆయన ముందు బల్ల మీద నా చెరువు కట్టి, నీ వాన కురిపించు. పొంగిందా, నీ మాటే. పొంగలేదా, నోరు మూసుకుని స్టేషనరీ గదికి పో!”

“కురిపిస్తాను,” అంది వానమ్మ. కింద ఊళ్ళోవాళ్ళు బురద తాగాలా, ఉయ్యాల ఊగేవాళ్ళ కోసం?

మీటింగు హాల్లో పెద్ద రేకు తొట్టి పెట్టింది. గని మట్టితోనే దిబ్బలు పోసింది, కాలువలు తీసింది. కింద మేనేజరు గారి కొలతకు తగ్గట్టు బంకమట్టితో చిన్న చెరువు కట్టి, పక్కన అతిథి గృహం బదులు అగ్గిపెట్టె నిలబెట్టింది. చివర వాగుకు బదులుగా తెల్లగుడ్డ పరిచింది. గుడ్డ ఎర్రబడితే ఆవిడ గెలిచినట్టు. పక్కనే నీళ్ళు నింపిన క్యాను పెట్టి, ఛైర్మన్ గారికి ఎదురెళ్ళింది. హాలుకు తాళం వెయ్యాలని తట్టలేదు. వానను అనుమానించినంతగా మనుషుల్ని అనుమానించదు పాపం.

ముందుగా హాలు ఊడ్చే ఆవిడ వచ్చింది. “పొంగించేది వాళ్ళూ, తుడిచేది నేనూనా? కొత్త తివాచీ!” అని గొణుక్కుంటూ చెంచాతో చెరువు అడుగు నాలుగు వైపులా గీకి, మట్టిని చెత్తబుట్టలో వేసి చక్కా పోయింది. తర్వాత అకౌంటెంటు వచ్చాడు. ఆయన గది సరిగ్గా హాలు కిందే ఉంది, పైకప్పు అసలే కారుతోంది. ఆయన స్కేలుతో ఇంకాస్త తవ్వి, తనను ఎవరూ చూడలేదని తృప్తిపడి దిగిపోయాడు.

ఆఖరున పిల్లిలా మేనేజరు గారే వచ్చాడు. నిన్న పలికిన బీరాలు పొద్దుటికి గుండెల్లో గుబులుగా మారాయి. చొక్కా చేతులు మడిచి, గట్టును రెండు చేతులా వెనక్కి నెట్టాడు. అగ్గిపెట్టె అడ్డొచ్చింది. దాన్ని జేబులో వేసుకుని మళ్ళీ నెట్టాడు.

ఛైర్మన్ గారు వచ్చారు. క్యాను తనే అందుకుని, పసివాడిలా సంబరపడుతూ వాన కురిపించారు. ఎర్రనీళ్ళు కాలువల వెంట జరజరా దిగి చెరువులో పడ్డాయి. గుడ్డ మాత్రం తెల్లగానే ఉంది. వానమ్మ గబగబా మరో క్యాను నింపుకొచ్చింది. అదీ అయిపోయింది, గుడ్డ మీద చుక్క పడలేదు.

“చూశారా సార్, నా చెరువు!” మేనేజరు గారు ఛాతీ విరుచుకున్నాడు.

వానమ్మ వంగి చూసింది. “ఇది ఆయన చెరువు కాదు సార్! ఎవరో తవ్వారు!”

ఊడ్చే ఆవిడ చీపురు వైపు చూసుకుంది. అకౌంటెంటు దగ్గు తెచ్చుకున్నాడు.

“ఎవరూ ముట్టుకోలేదు. అక్షరాలా నా కొలతే! ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను,” అని బల్ల గుద్దాడు మేనేజరు.

వానమ్మకు ఒళ్ళు మండిపోయింది. మోసగాడని అరవబోయింది. కానీ ఆవిడ కన్ను అప్పటికే చెరువును కొలిచేసింది. అరుపు మింగేసి తలెత్తి నిలబడింది.

“అయితే ఓడిపోయాను సార్. మేనేజరు గారి కొలతే ఖాయం చేద్దాం. అందరి ముందూ కొలవనివ్వండి.”

పొడవు, వెడల్పు, లోతు పైకి చదువుతూ కొలిచింది. ఒక్కో అంకెకూ మేనేజరు గారి మొహం ఒక్కో రంగు మారింది. లెక్క తేలేసరికి అది వానమ్మ అడిగిన చెరువుకు ఒకటిన్నర రెట్లుంది.

“మరి అతిథి గృహం ఏదయ్యా?” అన్నారు ఛైర్మన్ గారు.

మేనేజరు గారి చెయ్యి జేబు మీదికి పోయింది. “అది... వద్దనుకున్నాను సార్.”

“శభాష్! ఇలాగే కట్టండి. పని ఈ అమ్మాయి చూస్తుంది. ఓడిపోయిన మనిషి కదా, జాగ్రత్తగా చూస్తుంది.”

ఆ వర్షాకాలం వానమ్మ కంప్యూటర్లో ఉన్న వాన నిజంగానే కురిసింది. ఊరి కుళాయిల్లో నీళ్ళు తేటగానే వచ్చాయి. ఏడాది చివర ముందుచూపుకిచ్చే బహుమతి మేనేజరు గారికి దక్కింది. వేదికెక్కి, వానను ఎప్పుడూ తక్కువ అంచనా వేయకూడదని ఆయన చాలాసేపు బోధించాడు. వానమ్మ శ్రద్ధగా విని, తెలియని విషయం తెలుసుకున్నట్టు తలూపింది.