అధ్యక్షులవారు కొండెక్కిన వైనం

ఆ ఆదివారం పొద్దున ఒనోరే కాంతగ్రెల్ మంచం దిగి కుడికాలు నేల మీద మోపగానే మోకాలు 'నేను రాను' అని తేల్చి చెప్పేసింది. ఆయన ఫ్రాన్సులోని కాఓర్ పట్టణం సైకిల్ క్లబ్బుకు అధ్యక్షుడు. ఆవేళ క్లబ్బు వాళ్లంతా లోట్ నది వెంబడి బయలుదేరి, పెష్‌రూజ్ కొండెక్కి, పైన ఊళ్లో భోజనాలు చేయాలి. అధ్యక్షుడే రాకపోతే ఎలా? కిందటేడు జలుబని మానేసిన మందుల షాపు క్లోతిల్ద్‌ని నిండు సభలో "జలుబు ముక్కుకి కదమ్మా, కాళ్లకేమొచ్చింది?" అని కడిగేసిన పెద్దమనిషి ఈయనే. ఇప్పుడు మోకాలని మూల కూర్చుంటే ఆవిడ ఊరుకుంటుందా?

పైగా అది మామూలు ఆదివారం కాదు. ఫెర్నాన్ వీదల్ ఆఖరిసారి కొండెక్కే రోజు. ఫెర్నాన్ మొన్నమొన్నటిదాకా మాంసం కొట్టు నడిపిన మనిషి, ఒనోరేకి బడి రోజుల నుంచీ స్నేహితుడు. గుండె డాక్టరు "ఈ ఒక్కసారికే, అదీ మెల్లగా" అని గీత గీసేశాడు. కొండ మీది పెష్‌రూజే అతను పుట్టిన ఊరు. సైకిళ్లు తొక్కేవాళ్లలో ఒక పాత మర్యాద ఉంది. దారి ఎవరి సొంతూరి మీదుగా పోతే ఆ ఊళ్లోకి అతన్నే ముందు పోనిస్తారు. తక్కినవాళ్లు ఎంత మొనగాళ్లైనా వెనక్కి తగ్గుతారు. ఊరి బోర్డు దగ్గర ఫెర్నాన్ తల్లి, తొంభై దాటిన ఎలోదీ అవ్వ, పూలగుత్తి పట్టుకుని నిలబడాలి. మేళం మోగాలి. కొడుకు ఒక్కడే ముందుగా రావాలి. ఆ ముసలిదాని చేతుల మీదుగా ఆ పూలు అందుకోవాలని ఫెర్నాన్ చలికాలమంతా కలలు కన్నాడు. ఈ ఏర్పాటంతా చేసి, "ఫెర్నాన్ కంటే ముందు ఆ బోర్డు దాటినవాడు మనిషే కాదు" అని బల్ల గుద్ది చెప్పినవాడు కూడా ఒనోరేనే.

మోకాలి సంగతి భార్య సొలాంజ్‌తో చెబితే గడప దాటనివ్వదు. అందుకని ఆయన పెరట్లోకి పోయి గుసగుసగా బావమరిది అరిస్తీద్‌కి ఫోన్ చేశాడు. అరిస్తీద్ బాతులు పెంచుతాడు. అతనికి వ్యాను ఉంది. నోటికి తాళం మాత్రం లేదు. అయినా గత్యంతరం లేక ఒనోరే పథకమంతా విప్పి చెప్పాడు. నది పక్కన చదును దారే కాబట్టి కొంత దూరం ఎలాగో తొక్కి, వెనకబడ్డవాళ్లను చూసుకుంటానని వంక పెట్టి తాను అందరికంటే వెనక ఉండిపోతాడు. పాత చర్చి చాటున వ్యాను ఉండాలి. కొండకి అవతలి వైపు నుంచి పొలాల దారిన పైకి తీసుకుపోయి ఊరికి కాస్త ఇవతల మలుపులో దింపెయ్యాలి. అక్కడ గోడ చాటున నక్కి, అందరూ పోయాక తోకలాగా చేరిపోతాడు. వినడానికి భేషుగ్గా ఉంది.

మొదటి భాగం చక్కగా జరిగింది. చర్చి వెనక సైకిలు వ్యాన్లోకెక్కింది, దాని వెనకే ఒనోరే బాతుల గంపల మధ్య దూరాడు. ఎవరైనా పిలిస్తే బాతుల గోల వినబడుతుందని ఫోను కట్టేశాడు.

"సర్దుకుని కూర్చో బావా," అన్నాడు అరిస్తీద్ తలుపు మూస్తూ. "సంతలో దించేటప్పుడు పొరపాటున నీకూ రేటు కడతారేమో, నోరు మాత్రం తెరవకు."

పీఠభూమి మీదికి వచ్చేసరికి గొర్రెల మంద ఒకటి దారికి అడ్డం పడింది. కాపరి అరిస్తీద్‌కి తెలిసినవాడు. ఇద్దరికీ వానల మీద, కోడళ్ల మీద మాట్లాడుకోవలసింది చాలా ఉంది. ఒనోరే లోపల నుంచి రేకు మీద బాదాడు. బాతులు గోల చేశాయి. ఆ గోలలో బాదుడు ఎవరికీ వినబడలేదు. చివరికి మలుపులో దిగేసరికి బాగా పొద్దెక్కిపోయింది. అందరూ ఎప్పుడో పైకి చేరి ఉంటారనీ, భోజనాల బల్ల దగ్గర తన ఖాళీ కుర్చీ చూసి క్లోతిల్ద్ నవ్వుతూ ఉంటుందనీ ఒనోరే హడలిపోయాడు. నక్కడం సంగతి మరిచిపోయి, మోకాలి నొప్పి పళ్ల బిగువున ఆపుకుని, తల వంచుకుని తొక్కాడు.

ఊరి బోర్డు దాటాడో లేదో మేళం ఒక్కసారిగా అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఎలోదీ అవ్వ పూలగుత్తి చేతిలో పెట్టి రెండు బుగ్గలూ ముద్దాడింది. అందరికంటే వెనక వచ్చినవాణ్ణి కూడా ఇంత ఆదరించే ఊరు ఫ్రాన్సులో ఇంకెక్కడుందని ఒనోరేకి కళ్లు చెమర్చాయి. పూలగుత్తి పైకెత్తి నలువైపులా ఊపాడు. వెనకబడినవాళ్లను గౌరవించే జాతే గొప్ప జాతి అని చిన్న ఉపన్యాసం కూడా మొదలుపెట్టాడు.

అవ్వ చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని ఆయన్ను పరీక్షగా చూసింది. "నువ్వు మా ఫెర్నాన్‌వి కాదే," అంది. "నా కొడుకు దగ్గర ఏనాడూ బాతుల కంపు రాలేదు. తక్కినవాళ్లేరి నాయనా?"

"తక్కినవాళ్లు... ఇంకా రాలేదా?"

ఇంకా ఎవరూ రాలేదని చుట్టూ ఉన్నవాళ్లు చెప్పారు. బల్ల గుద్ది తాను అన్న మాట ఒనోరే చెవుల్లోనే గింగురుమంది. పూలగుత్తి ఎక్కడ పెట్టాలో తెలియక వీపు వెనక దాచుకున్నాడు.

ఇంతకీ జరిగిందేమిటంటే, ఎవరూ వెనకబడిపోకూడదని క్లబ్బులో ఒక నియమం ఉంది. కొండ మొదట్లో అందరూ ఆగాలి, ఆఖరివాడు వచ్చేదాకా ఎవరూ ఎక్కకూడదు. పెట్టినవాడు మన ఒనోరేనే. మరి ఆయనకే ఎందుకు గుర్తు లేదంటే, ఏ ఆదివారమైనా ఆఖరివాడు ఆయనే. ఆయన వెళ్లేసరికి అందరూ నిలబడే ఉండేవారు. ఇన్నేళ్లూ వాళ్లు నీళ్లు తాగడానికి ఆగుతున్నారనుకున్నాడు.

ఆవేళ కూడా ఆగారు. ఒనోరే ఎంతకీ రాడు. ఫోను పలకదు. సొలాంజ్‌కి చేస్తే "మీతోనే కదా వచ్చింది" అని ఆవిడ గొల్లుమంది. అంతటితో ఆగకుండా ఫైరాఫీసుకు కూడా ఫోన్ కొట్టింది.

పల్లెల్లో ఫైరాఫీసు అంటే వేరే మనుషులుండరు. మేళం వాయించేవాళ్లే మంటలూ ఆర్పుతారు, తప్పిపోయినవాళ్లనూ వెతుకుతారు. కాబట్టి పాట సగంలో ఉండగా మేళం వాళ్లందరి నడుములకీ వేలాడుతున్న పేజర్లు ఒకేసారి కీచుమన్నాయి. మేళం పెద్దాయన ఫోనులో సంగతి విని, గట్టిగా తక్కినవాళ్లకు చెప్పాడు: ఎవరో ముసలాయనట, నది దారిలో కనబడకుండా పోయాడట, లావుగా ఉంటాడు, కుంటుతాడు, చెప్పిన మాట వినడు.

పాపం, ఆ వయసులో ఒంటరిగా ఎందుకు బయటికి రానిస్తారో అని ఒనోరే జాలిపడ్డాడు. నిజంగా జాలిపడ్డాడు. పెద్ద బాకా ఊదేవాడు "కాస్త పట్టుకోండి" అని తన బాకా ఆయన చేతుల్లో పడేసి ఎర్రబండి వైపు పరిగెత్తాడు. అప్పుడు వినిపించింది, ఆ ముసలాయన పేరు. ఒక చేతిలో పూలు, ఇంకో చేతిలో తనంత బాకా, ఎదురుగా బయలుదేరబోతున్న బండి. భూమి రెండుగా చీలితే అందులో దూకుదామనుకున్నాడు గానీ అదంతా గట్టి సున్నపురాయి నేల.

"ఆగండి," అన్నాడు. బండి చప్పుడులో ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాడు. "తప్పిపోయిన ముసలాయన్ని నేనే."

బండి ఆగింది. దారిలో ఎవరికీ కనబడకుండా ఇంత పైకి ఎలా వచ్చారని మేళం పెద్ద అడిగాడు. వ్యాన్లో వచ్చానని చెప్పడానికి ఒనోరేకి కొండెక్కినంత ఆయాసమొచ్చింది. అంతదాకా చప్పట్లు కొట్టిన చేతులు ఒక్కొక్కటే జేబుల్లోకి పోయాయి. ఒకావిడ తన పిల్లల్ని పక్కకి తీసుకుపోయింది. అవ్వ మాత్రం ఏమీ అనకుండా ఆయన వీపు వెనక నుంచి పూలగుత్తి లాక్కుంది. అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

మనిషి దొరికాడని కిందికి కబురు పోయింది. కాసేపటికి క్లబ్బు వాళ్లంతా చెమటలు కక్కుతూ పైకి వచ్చారు. ముందు క్లోతిల్ద్. నాలుగు మాటలు అంటుందని ఒనోరే తల వంచుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. అంతకంటే ఘోరమైన సంగతి చెప్పింది.

"ఫెర్నాన్ మాతో లేడు. మీరు నదిలో పడ్డారేమోనని వెనక్కి వెతకడానికి పోయాడు. వద్దంటే వినలేదు. ఫోను కూడా లేదు అతని దగ్గర."

ఒక్కసారే, అదీ మెల్లగా అన్నాడు డాక్టరు. ఆ మాట అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు. అవ్వ బోర్డు స్తంభం పట్టుకుని దారి వైపే చూస్తోంది. ఒనోరేకి సిగ్గు పోయి భయం పట్టుకుంది. వాడికేమన్నా అయితే ఈ ముసలిదానికి ఏం చెబుతాను, నా పరువు కోసం నీ కొడుకుని పొట్టన పెట్టుకున్నానని చెబుతానా? బాకా గడ్డిలో పడేసి, సైకిలెక్కి, కిందికి పోబోయాడు. రెండు తొక్కులకే మోకాలు మడతపడి, మనిషీ సైకిలూ కలిసి బోర్డు కింద కూలబడ్డారు.

సరిగ్గా అప్పుడు మలుపు తిరిగి అరిస్తీద్ వ్యాను వచ్చింది. దాన్ని చూడగానే జనంలో గొణుగుడు మొదలైంది. వెనక తలుపు తెరుచుకుంది. బాతుల గంపల మధ్య నుంచి ఫెర్నాన్ వీదల్ దిగాడు. మొహం పాలిపోయి ఉంది గానీ మనిషి నిలబడే ఉన్నాడు. దారంతా బావగారి బాగోతం పూసగుచ్చినట్టు చెప్పానని అరిస్తీద్ అడక్కుండానే అందరికీ చెప్పాడు.

ఒనోరే కింద కూర్చునే ఉన్నాడు. లేవడానికి మోకాలూ లేదు, మొహమూ లేదు. "నన్ను తన్నరా ఫెర్నాన్," అన్నాడు. "నీ రోజు నేను నాశనం చేశాను."

ఫెర్నాన్ వచ్చి పక్కనే గడ్డిలో కూలబడ్డాడు.

"వెతికి వెతికి, నువ్వు లేవనుకుని ఏడ్చుకుంటూ కొండెక్కడం మొదలెట్టాను. సగంలో గుండె వద్దంది. దిగిపోయాను. బండి వస్తే చెయ్యెత్తాను." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "దిగడం అంత కష్టమేం కాదురా. యాభై ఏళ్ల స్నేహితుణ్ణి, మోకాలు నొప్పని నాతో ఒక్క ముక్క చెప్పడానికి నీకేం రోగం?"

ఒనోరే ఏదో అనబోయి ఏడ్చేశాడు. అంతమందిలో, బాతుల ఈకలంటిన చొక్కాతో, చిన్నపిల్లాడిలా. ఫెర్నాన్ అతని చంకలో చెయ్యి వేసి లేపాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, ఒకరు కుంటుతూ ఇంకొకరు ఆయాసపడుతూ, బోర్డు దాటారు. క్లబ్బు వాళ్లందరూ సైకిళ్లు పట్టుకుని వెనకే నిలబడిపోయారు, ఎవరూ చెప్పకుండానే. అవ్వ కొడుక్కి పూలిచ్చింది. ముద్దు పెట్టుకోబోయి ఒక్క క్షణం ముక్కు చిట్లించింది గానీ, పెట్టుకుంది.

భోజనాల దగ్గర ఒనోరే లేచి నిలబడి తన పదవికి రాజీనామా ఇస్తున్నానన్నాడు. దాన్ని స్వీకరించే సభ మళ్లీ ఈ పెష్‌రూజ్ మీదే జరగాలనీ, అధ్యక్షులవారు సైకిలు తొక్కుకుంటూ వచ్చి స్వయంగా అందజేయాలనీ క్లోతిల్ద్ ప్రతిపాదించింది. ముందుగా చెయ్యెత్తింది ఫెర్నాన్.

ఒనోరే ఇప్పటికీ అధ్యక్షుడే.