మూడు వేళ్ల తెలుపు

పెరూ దేశపు టకీలే దీవిలో ఆ ఉదయం సిల్వానో వేసుకున్న పథకం చిన్నది. సూప్ చల్లారేలోగా టోపీ కొస ముడివెయ్యాలి. మధ్యాహ్నానికి ఊరి కూడలి చేరాలి. అక్కడ ఫెలిసితాస్ తండ్రి ఎవుస్తాకియో ఆ టోపీలో చెంబుడు నీళ్లు పోస్తాడు. అల్లిక బిగువుగా ఉండి చుక్క కారకపోతే పిల్లనిస్తాడు, కారితే ఇవ్వడు. పెళ్లికానివాడి టోపీ కనుక అడుగు సగం ఎరుపు, పై సగం తెలుపు. పెళ్లయినవాడిదైతే అంతా ఎరుపే. దీవిలో ఏ మగాడైనా నిద్రలో చెప్పగల లెక్క ఇది.

చిక్కు నమూనాతో వచ్చింది. ఎర్ర సగంలో అల్లే తాతల నాటి పిట్ట వద్దని సిల్వానో సొంతంగా ఒక పిట్టను కల్పించాడు. పిట్టకు పద్దెనిమిది కుట్లు, టోపీ చుట్టూ రెండొందలు. పదకొండు పిట్టలు కూర్చున్నాక రెండు కుట్లు మిగిలాయి. విప్పడానికి మనసొప్పక ఒక పిట్టకు తోక రెండు కుట్లు పెంచాడు. అది తప్పులా కనిపించింది. కావాలనే చేశానని నమ్మించడానికి పై వరుసలో ఎదుటివైపు పిట్టకూ తోక పెంచాడు. ఇప్పుడు నమూనా ఒక పక్కకు ఒరిగినట్టుంది. దాన్ని నిలబెట్టడానికి మూడో వరుస, మూడోదాన్ని సమర్థించడానికి నాలుగోది. వరుస పెరిగినకొద్దీ ఎరుపు పైకి పాకింది. కుట్లు లెక్కపెట్టేవాడు టోపీని చూడడు. చివరికి కొసన మూడు వేళ్ల తెలుపు మిగిలింది. కొస వెనక్కి మడిచి పెట్టుకుంటే అదీ కనపడదు.

దారిలో ముసలి తెయోఫిలో ఎదురయ్యాడు. పలకరింపుకి నమలడానికి నాలుగు కోకా ఆకులిచ్చే మనిషి, ఇవాళ గుప్పెడు తీసి సిల్వానో సంచిలో పోశాడు.

"చల్లగా ఉండు నాయనా! మాకొక్క మాటైనా చెప్పలేదేం?"

"ఏదో నా చేతనైనంత, తాతా" అన్నాడు సిల్వానో, పిట్టను మెచ్చుకున్నాడనుకుని.

మలుపులో ఊలు వడుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆ టోపీ చూసి కదుళ్లు ఆపారు.

"ఎవర్తె అంటావు వదినా?"

"బసీలియానేమో. మొన్న వీడికి బంగాళదుంపలు పంపింది."

"ఛీ, దానికి యాభై ఏళ్లు!"

బసీలియాకూ తన పిట్టకూ ఏమిటి సంబంధమో సిల్వానోకి అంతుపట్టలేదు. కూడలి చేరేసరికి సంచి నిండి ఆకులు రాలుతున్నాయి. ఊరి నోట్లో అతనికి అప్పటికి ముగ్గురు పెళ్లాలు.

ఎవుస్తాకియో చెంబు పట్టుకుని నిలబడ్డాడు. పట్టుకున్న తీరు నీళ్లు పోసేలా లేదు, విసిరేలా ఉంది.

"నా కూతుర్నడిగి ఇంకోదాన్ని కట్టుకొచ్చావా? ఎంత ధైర్యంరా నీకు!"

"నేనెవర్ని కట్టుకున్నాను మామా?"

"నన్నడుగుతావేం? నీ నెత్తినడుగు!"

సిల్వానో టోపీ తీశాడు. నలభై రోజులుగా అల్లిన టోపీని మొదటిసారి చూశాడు. కొస దాకా అంతా ఎరుపే. గబగబా కొస సాగదీసి చూపించాడు. "ఇదిగో మామా, తెలుపుంది!"

"ఇదేం బ్రహ్మచర్యంరా, మూడు వేళ్లు?"

కూడలి అంతా నవ్వింది. సిల్వానో రెండు కుట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా వివరించాడు. మూడో వరుసకు వచ్చేసరికి, తనకెందుకు కోపం వచ్చిందో ఎవుస్తాకియోకే సరిగ్గా గుర్తులేదు.

"విప్పేసి మళ్లీ అల్లుతాను మామా. రెండు నెలలు ఓపిక పట్టు."

ఫెలిసితాస్ ముందుకొచ్చి, తండ్రి చేతిలో చెంబు లాక్కుని టోపీలో నీళ్లు ఒంపింది. అందరూ వంగి అడుగున చూశారు. చుక్క రాలలేదు.

"విప్పావంటే ఊరుకోను" అందామె. "ఊరంతా దీవించి ఆకులిచ్చేసింది, తిరిగివ్వడమంటూ లేదు. టోపీ ఉంది, దీవెనలున్నాయి. పెళ్లికూతురొక్కతే తక్కువ. ఏం నాన్నా?"

ఎవుస్తాకియో మనసులో తూచాడు. ఒకవైపు రెండు నెలలు, మళ్లీ ఆ పిట్టల కథ. ఒకవైపు ఆదివారం పెళ్లి. నీళ్లతో సహా టోపీని అల్లుడి నెత్తిన బోర్లించాడు.

ఆ నెలలోనే, ఆ రోజు కూడలిలో లేని ఐదుగురు పెళ్లికాని కుర్రాళ్లు, ఆ టోపీ కలిసొస్తుందని పిట్ట లెక్క అడగడానికి వచ్చారు. సిల్వానో అంతా చెప్పాడు, ఆ రెండు కుట్ల సంగతి తప్ప.